కెన్యాలో ఉద్యోగం వచ్చింది, అక్కడ 2027లో ఎలక్షన్లు... పోవచ్చా?

తోతాపురి37 (చిత్తూరు)

అందరికీ నమస్కారం. నాది చిత్తూరు పక్కన పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నా, ఇప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. సీజన్ మూడు నెలలే, మిగతా కాలమంతా సగం జీతంతో ఈడ్చుకొస్తున్నాం. మొన్న కెన్యాలో థికా దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు పిలిచారు. జీతం ఇక్కడికి రెండున్నర రెట్లు, ఇల్లు వాళ్లే ఇస్తారు, పెళ్లాం పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చన్నారు. సంతోషంగా ఇంట్లో చెప్తే మా ఆవిడ రాత్రంతా ఫోన్‌లో వెతికి పొద్దున్నే కాఫీ ఇస్తూ అంటుంది, 'అక్కడ 2007లో ఎలక్షన్ అయిపోయాక వెయ్యి మందికి పైగా చచ్చిపోయారంట, చర్చిలో దాక్కున్న ఆడోళ్లను, పిల్లల్ని తగలబెట్టారంట, 2027 ఆగస్టులో మళ్లీ ఎలక్షనంట' అని. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

నేను అడిగేది ఒకటే. 2007 నుంచి ఇప్పటికి ఆ దేశంలో ఏమన్నా మారిందా? ఓడినోడు ఓడినట్టు ఒప్పుకునే ఏర్పాటు ఏమన్నా ఉందా, లేక అయిదేళ్లకోసారి ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలా? తెలిసినోళ్లు చెప్పండి. ఊరికే భయపెట్టొద్దు, ఊరికే ధైర్యమూ చెప్పొద్దు.

తిరుచానూరు బాబు

అన్నా, రెండున్నర రెట్లంటే నేనైతే ఈ పాటికి రేణిగుంటలో విమానం ఎక్కేసేవాణ్ణి. ఎలక్షన్ గొడవలు మన దగ్గర మాత్రం లేవా ఏంది.

మొంబాసా రోడ్డు (పలమనేరు, ఇప్పుడు నైరోబి)

తమ్ముడూ, నాది పలమనేరు. 2006 నుంచి నైరోబిలో అకౌంట్స్ పని చేస్తున్నా. చదివింది కాదు, చూసింది చెప్తా, కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదువు.

2007 డిసెంబరు 27న ఓట్లు వేశారు. ఆ రోజు ఎంత ప్రశాంతంగా జరిగిందంటే, తెల్లవారకముందే జనం దుప్పట్లు కప్పుకొని క్యూలో నిలబడ్డారు, మేమంతా మిద్దె మీది నుంచి చూసి ముచ్చటపడ్డాం. మొదట్లో ప్రతిపక్షం అభ్యర్థి రైలా ఒడింగా బాగా ముందున్నాడు. తర్వాత రెండు రోజుల్లో తేడా కరుగుతూ వచ్చింది, కొన్ని నియోజకవర్గాల లెక్కలు రావడం ఆలస్యమైంది, ఎందుకు ఆలస్యమో చెప్పేవాడు లేడు. 30వ తేదీ సాయంత్రం, అప్పటికే ప్రెసిడెంట్‌గా ఉన్న మువాయి కిబాకి గెలిచాడని ప్రకటించి, చీకటి పడేలోగా ప్రమాణ స్వీకారం కూడా కానిచ్చేశారు. మన వైపు లేచిపోయిన పెళ్లి కూడా అంత తొందరగా జరగదు. ఆ వెంటనే టీవీల్లో లైవ్ ఆపేయమని సర్కారు ఆర్డరు. అది విన్నాక ఇంక రాత్రి ఎవరికీ నిద్ర లేదు.

జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియాంబాలో చర్చి తగలబడింది, మీ ఆవిడ చదివింది దాని గురించే. మొత్తం మీద 1,100 మందికి పైగా పోయారు, లక్షల మంది ఇళ్లు వదిలి గుడారాల్లో పడ్డారు. కిసుములో మన గుజరాతీల షాపులు దోచేశారు. నైరోబిలో కిబేరా దగ్గర రైలు పట్టాలే పీకేశారు. మొంబాసా ఓడరేవు నుంచి సరుకు కదలక పక్కనున్న ఉగాండాలో పెట్రోలుకు కటకట వచ్చింది. మా వీధిలో ఏమీ జరగలేదు, అబద్ధం చెప్పను. మాకు కష్టమైంది పాలు, బ్రెడ్డు, ఫోన్ రీఛార్జి కార్డులు. మా అమ్మ పలమనేరు నుంచి రోజూ ఫోన్ చేస్తే 'ఏం లేదమ్మా, ఇక్కడ బాగానే ఉంది' అని చెప్పి పెట్టేసేవాణ్ణి, ఎక్కువ మాట్లాడితే బ్యాలెన్స్ అయిపోతుందని.

ఇంకొకటి చెప్పాలి. ఆ ఫలితం చదివింది ఎలక్షన్ కమిషన్ చైర్మన్ శామ్యూల్ కివుయిటు. ఆయనే నాలుగు రోజులు తిరక్కుండా, కిబాకి నిజంగా గెలిచాడో లేదో తనకు తెలియదన్నాడు. ఎక్కడన్నా విన్నావా? పంచాయితీ చేసిన పెద్దమనిషే, తీర్పు చెప్పిందెవరికో నాకు తెలియదంటే ఊరు తగలబడక ఏమవుతుంది.

పాత హెడ్మాస్టర్ (పుంగనూరు)

నాయనా, నేను తొమ్మిది ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశాను. బ్యాలెట్ పెట్టెకు లక్క కాల్చి సీలు వేసిన కాలం నుంచి ఈవీఎంల దాకా. బడి బల్లల మీద పడుకొని, దోమలతో రాత్రంతా జాగారం చేసి, పొద్దున్నే ఏజెంట్ల ముందు యాభై ఓట్లకు తక్కువ కాకుండా మాక్ పోల్ వేయించి, అది చెరిపేసి, అప్పుడు అసలు పోలింగ్ మొదలుపెట్టేవాళ్లం. సాయంత్రం అయ్యాక ఫారం 17సి అని ఒక కాగితం, ఈ బూత్‌లో మొత్తం ఇన్ని ఓట్లు పడ్డాయని రాసి సంతకం పెట్టి ప్రతి ఏజెంటుకూ కాపీ ఇవ్వాలి. ఏజెంట్లలో సగం మందికి దాని విలువ తెలియదు, మడిచి జేబులో పెట్టుకొని భోజనానికి పోతారు. తెలిసినవాడు మాత్రం దాన్ని ఆడపిల్ల పెళ్లికి దాచిన బంగారం మాదిరి దాస్తాడు.

నీకు కాటా చీటీ తెలుసు కదా. రైతు ట్రాక్టర్ తెస్తాడు, వేబ్రిడ్జి మీద తూకం వేస్తారు, చీటీ ఒకటి ఫ్యాక్టరీకి, ఒకటి రైతుకు. రేపు బిల్లులో టన్ను తగ్గిందనుకో, రైతు చీటీ చూపిస్తాడు. చీటీ లేకపోతే? గేటు దగ్గర రాళ్లు పడతాయి. కెన్యాలో 2007లో జరిగింది ఇదే. తర్వాత దక్షిణాఫ్రికా జడ్జి జొహాన్ క్రీగ్లర్ కమిషన్ కూర్చుని విచారించి, రికార్డు ఎంత పాడైందంటే అసలు ఎవరు గెలిచారో ఇంక ఎవరూ తేల్చలేరని 2008లో రిపోర్టు ఇచ్చింది. నేను ఆ సంగతి చదివి పుస్తకం మూసేసి కాసేపు అట్లాగే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు సంతకాలు పెట్టినవాణ్ణి కదా.

తోతాపురి37

సార్, కాటా చీటీ అంటే టక్కున అర్థమైంది. చీటీ విషయంలో గొడవలు నేను చూసినవే. ఇంతకీ ఇప్పుడు అక్కడ చీటీలు ఇస్తున్నారా?

కోర్టు సెంటర్ (అడ్వకేట్, చిత్తూరు)

ఇస్తున్నారు. అంతకంటే ముందు ఒక విషయం గమనించండి. 2007లో ఒడింగా పార్టీ కోర్టుకు పోలేదు. జడ్జీలు మీవాళ్లే, అక్కడికి వచ్చి ఏం లాభం అని తేల్చి చెప్పేశారు. తప్పని నేను అనలేను, ఎలక్షన్ ముందు కమిషనర్లను కూడా కిబాకి ప్రతిపక్షాన్ని అడగకుండా తనంతట తనే వేసుకున్నాడు. అంటే ఓడినవాడు తీసుకుపోయి చూపించడానికి చీటీ లేదు, ఉన్నా చూపించడానికి మనిషి లేడు. మిగిలింది రోడ్డు.

2010లో కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నారు. పాత ఎలక్షన్ కమిషన్ అంతకుముందే 2008లో రద్దయింది. జడ్జీలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మళ్లీ వడకట్టారు, కొత్తగా సుప్రీంకోర్టు పెట్టారు. ప్రెసిడెంట్ ఎన్నిక మీద పిటిషన్ వేస్తే 14 రోజుల్లో తీర్పు చెప్పాలి. మన దగ్గర ఎలక్షన్ పిటిషన్లు ఎన్నేళ్లు నడుస్తాయో మా ఆఫీసు బీరువా చూస్తే తెలుస్తుంది! 2013లో ఒడింగా ఓడిపోయి ఆ కోర్టుకే వెళ్లాడు, ఓడిపోయాడు, ఒప్పుకున్నాడు. 2017లో మళ్లీ వెళ్లాడు. ఈసారి చీఫ్ జస్టిస్ డేవిడ్ మరాగా బెంచ్ సెప్టెంబర్ 1న 4-2 మెజారిటీతో, గద్దె మీదున్న ప్రెసిడెంట్ ఉహురు కెన్యాటా గెలుపునే కొట్టేసింది. ఆఫ్రికాలో అంతకుముందు అట్లా ఎప్పుడూ జరగలేదు. 2022లో మళ్లీ పిటిషన్, ఏడుగురూ ఏకగ్రీవంగా విలియం రూటో గెలుపు ఖాయం చేశారు, ఒడింగా ఒప్పుకోలేనంటూనే ఒప్పుకున్నాడు. పదిహేనేళ్లలో అదే మనిషి రోడ్డు మీది నుంచి కోర్టు మెట్ల దాకా నడిచాడు. నేను ఈ కేసులు చదివినప్పుడల్లా నాకు అదే కనిపిస్తుంది.

2022లో చీటీల సంగతి: ఫారం 34ఏ అంటారు, ఒక్కో పోలింగ్ స్టేషన్‌కు ఒకటి. మొత్తం 46,229. అన్నీ వెబ్‌సైట్‌లో పెట్టేశారు, ఎవరైనా దించుకొని కూడుకోవచ్చు. ఏడుగురు కమిషనర్లలో నలుగురు చివరి నిమిషంలో ఈ ఫలితం మాది కాదని బయటికి పోయినా దేశం తగలబడలేదంటే, ఆ చీటీలు అందరి ఫోన్లలో ఉండటం వల్లే అని నా నమ్మకం.

బైరాగిపట్టెడ

మేడమ్ కథ బాగా చెప్పారు, కానీ చేదు భాగం దాటేశారు. 2017 ఎలక్షన్‌కు వారం ముందు కమిషన్‌లో కంప్యూటర్ సిస్టం చూసే ఆఫీసర్ క్రిస్ ఎంసాండో శవమై దొరికాడు. కోర్టు రద్దు చేశాక జరిగిన రెండో ఎలక్షన్‌ను ఒడింగా బాయ్‌కాట్ చేశాడు. దానికి ముందు రోజు వాయిదా పిటిషన్ వింటారనగా డిప్యూటీ చీఫ్ జస్టిస్ డ్రైవర్ మీద కాల్పులు, మర్నాడు బెంచ్‌కు ఇద్దరే జడ్జీలు వచ్చారు, కోరం లేక కేసు పోయింది. ఆ ఏడాది పోలీసుల చేతుల్లో పదుల మంది చచ్చారు. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కేసులు ఏమయ్యాయి? 2007 గొడవల్లో ఎదురెదురు పక్షాల్లో ఉన్న ఉహురు కెన్యాటా, రూటో ఇద్దరి మీదా కేసులు పెట్టారు, ఇద్దరూ కలిసిపోయి 2013లో గెలిచారు, కేసులు 2014లో ఒకటి, 2016లో ఒకటి గాలికి పోయాయి.

ఇంకో సంగతి. 2017 ఎలక్షన్ చూడటానికి బయటి దేశాల నుంచి పెద్ద పెద్ద పరిశీలకులు వచ్చారు, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ కూడా. అంతా బాగుందని మెచ్చుకొని వెళ్లారు. తర్వాత కోర్టు కొట్టేసింది. పెళ్లి భోజనం బాగుందని చెప్పి పోయినోడికి వంటింట్లో ఏం జరిగిందో ఎట్లా తెలుస్తుంది.

కోర్టు సెంటర్

కరెక్టే, దాటేశాను. కోరం విషయం నాకూ బాధే.

కుప్పం టు డల్లాస్

బైరాగిపట్టెడ గారూ, పరిశీలకుల గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. నేను ఇక్కడ అమెరికాలోనే ఉన్నా, 2021 జనవరి 6న ఆఫీసు పని పక్కన పెట్టి టీవీ చూస్తూ కూర్చున్నవాణ్ణి. ప్రపంచానికంతా ఎలక్షన్లు ఎట్లా జరపాలో చెప్పే దేశంలో, గెలిచినోడి ఓట్లు లెక్కపెడుతుంటే జనం కిటికీలు పగలగొట్టుకొని పార్లమెంటులోకి దూరారు. దాదాపు 140 మంది పోలీసులు దెబ్బలు తిన్నారు. మా నాన్న కుప్పం నుంచి ఫోన్ చేసి 'ఏందిరా, అక్కడ కూడా ఇదేనా' అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఆ రాత్రే మళ్లీ కూర్చున్నారు. అద్దం ముక్కలు ఊడ్చి, తెల్లవారుజామున మూడున్నర దాటాక లెక్క పూర్తి చేసి లేచారు. అంతకుముందు అరవైకి పైగా కేసులు కోర్టుల్లో వీగిపోయాయి, వాటిలో ట్రంప్ వేసిన జడ్జీలే కొట్టేసినవి కూడా ఉన్నాయి. జార్జియా రాష్ట్రంలో ఎలక్షన్లు చూసే రాఫెన్స్‌పెర్గర్‌ది ట్రంప్ పార్టీయే, 11,780 ఓట్లు కావాలని ప్రెసిడెంటే ఫోన్ చేసి అడిగితే ఇవ్వలేదు. అదే మనిషి ఆ రోజు సరేనని ఉంటే? ఆ తర్వాత 2022లో చట్టం మార్చి లెక్కపెట్టే పద్ధతిలో కంతలు కొన్ని పూడ్చారు. 2025 జనవరి 20న ట్రంప్ తిరిగొచ్చిన మొదటి రోజే దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టేశాడు, అది వేరే కథ. దాని గురించి మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడరు కూడా.

తిరుచానూరు బాబు

ఏమన్నా అంటే అమెరికా అంటారు. మన దగ్గర 2024 మేలో పోలింగ్ అయిన మర్నాడు పద్మావతి యూనివర్సిటీ స్ట్రాంగ్ రూం దగ్గర ఏం జరిగిందో మర్చిపోయారా? ఆ రోజు నేను అటు పక్క నుంచే బండి మీద వస్తున్నా, వెనక్కి తిప్పేశారు. చేసింది ఎవరో నాకు తెలుసు, ఆ పార్టీ వాళ్లు

[మిగతా భాగం మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్

బాబూ, పార్టీల పేర్లు పెట్టి మన ఊరి గొడవలు ఇక్కడ వద్దని రూల్స్‌లోనే ఉంది. జరిగింది జరగలేదని ఎవరూ అనట్లేదు. ఆ గొడవల తర్వాత ఎలక్షన్ కమిషన్ పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, మన తిరుపతి ఎస్పీని బదిలీ చేసింది, సిట్ వేయించింది. అంతవరకు రాసుకోండి. ఆ పైన రాస్తే ఐడీ పోతుంది. థ్రెడ్ కెన్యాది, అతను ఉద్యోగం గురించి అడిగాడు.

తిరుచానూరు బాబు

సరే సామీ. కానీ ఒకటి. ఆ రెండు మూడు రోజులు తిరుపతిలో అంతా భయపడ్డాం, జూన్ 4న ఫలితం వచ్చాక గెలిచినోళ్లు గెలిచారు, ఓడినోళ్లు ఇంటికి పోయారు. ఎందుకు పోయారు? ఆలోచిస్తున్నా.

ఎస్వీయూ హాస్టల్

ఎవరూ గాంబియా గురించి చెప్పట్లేదేంటి. మా ఎంఏ పేపర్‌లో ఉంది కాబట్టి నాకు నోటికి వచ్చు :) అక్కడ ఓటు గోలీతో వేసేవాళ్లు. నిజంగా గోలీ, మనం ఆడుకునేదే. ఒక్కో అభ్యర్థికి ఒక డ్రమ్ము, రంగూ ఫొటో అతికించి ఉంటుంది, గోలీ వేస్తే లోపల గంట మోగుతుంది. రెండు సార్లు మోగితే దొంగ ఓటని బయట కూర్చున్నోళ్లకు తెలిసిపోతుంది. చదువు రానివాళ్లు ఎక్కువని బ్రిటిష్ కాలం చివర్లో పెట్టిన పద్ధతి.

యాహ్యా జామె అని 22 ఏళ్లు పాలించాడు. 2016 డిసెంబరులో ఆ గోలీలతోనే ఓడిపోయాడు. మొదట టీవీలో నవ్వుతూ ఒప్పుకున్నాడు, వారం తర్వాత ఒప్పుకోనన్నాడు. గెలిచిన ఆడామా బారో పక్క దేశం సెనెగల్ పారిపోయి, 2017 జనవరి 19న డాకార్‌లో తమ ఎంబసీలోనే ప్రమాణం చేశాడు. అదే రోజు పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సైన్యం గాంబియాలోకి దిగింది. రెండు రోజుల్లో జామె విమానం ఎక్కి ఈక్వటోరియల్ గినీ వెళ్లిపోయాడు. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. దూరపు దేశాల స్టేట్‌మెంట్ల కంటే పక్కింటోడు గేటు దగ్గరికి వచ్చి నిలబడటం పని చేసింది.

బైరాగిపట్టెడ

బాబూ, మీ పేపర్‌లో 2023 నైజర్ కూడా ఉందా? అదే ఎకోవాస్, అదే బెదిరింపు. నైజర్ సైన్యం కుర్చీ ఎక్కి కూర్చుంది, ఎకోవాస్ వారం గడువు పెట్టింది, గడువు దాటింది, ఏమీ జరగలేదు. పైగా మాలి, బుర్కినా ఫాసో, నైజర్ మూడూ 2025 జనవరిలో కూటమి నుంచే బయటికి పోయాయి. గాంబియా మూడు వైపులా సెనెగల్ చుట్టుకున్న చిన్న దేశం కాబట్టి కుదిరింది.

ఎస్వీయూ హాస్టల్

ఉంది సార్. ఆ ప్రశ్న ఛాయిస్‌లో వదిలేశాను.

మొంబాసా రోడ్డు

కెన్యాలో 2008లో బయటివాళ్లు చేసిన మేలు మాత్రం నేను కళ్లారా చూశా. జనవరి 22న ఐక్యరాజ్య సమితి మాజీ సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ వచ్చి హోటల్లో దిగాడు, నెలన్నర దాకా కదల్లేదు. నెల్సన్ మండేలా భార్య గ్రాసా మషేల్, టాంజానియా మాజీ ప్రెసిడెంట్ ఎంకాపా కూడా ఆయనతో ఉన్నారు. ఎవరు గెలిచారో తేల్చే పని పెట్టుకోలేదు ఆయన, ఎందుకంటే హెడ్మాస్టర్ సార్ చెప్పినట్టు చీటీలే లేవు. ముందు చంపుకోవడం ఆపండి, తర్వాత అధికారం పంచుకోండి, ఆ తర్వాత రాజ్యాంగం రాసుకోండి అన్న వరసలో పట్టుకున్నాడు. ఫిబ్రవరి 28న సంతకాలు. ఆ రోజు టీవీ చూస్తూ మా వాచ్‌మన్ ఏడ్చాడు. అతను ఎల్డొరెట్ వైపు వాడు, నెలన్నరగా ఇంటి నుంచి కబురు లేదు.

అయితే ఒకటి, బయటివాళ్లు తలుపు దగ్గరి దాకా తీసుకొచ్చారు. 2010 రాజ్యాంగం రాసుకుంది, రెఫరెండంలో ఓటేసి గెలిపించుకుంది కెన్యా వాళ్లే.

కుప్పం టు డల్లాస్

బ్రెజిల్ కూడా చూడండి. 2022 అక్టోబరు 30న లూలా 50.9 శాతంతో గెలిచాడు, అప్పటి ప్రెసిడెంట్ బొల్సొనారోకు 49.1. అంత దగ్గరి పోటీలో ఆ రాత్రే అమెరికాతో సహా పెద్ద దేశాలు వరసగా లూలాకు అభినందనలు చెప్పేశాయి, మళ్లీ అనుమానాలు పెంచే టైం ఇవ్వకుండా. బొల్సొనారో పార్టీ ఓటింగ్ మెషీన్ల మీద ఆధారం లేని పిటిషన్ వేస్తే ఎన్నికల కోర్టు దాదాపు 2.3 కోట్ల రియాల్‌ల జరిమానా వేసింది. 2023 జనవరి 8న జనం కాంగ్రెస్, సుప్రీంకోర్టు, ప్రెసిడెంట్ భవనం మూడింటి మీదా పడ్డారు. మర్నాడు లూలా, రాష్ట్రాల గవర్నర్లు (అవతలి పార్టీ వాళ్లతో సహా) కలిసి పగిలిన గాజుల మధ్య సుప్రీంకోర్టు దాకా నడిచి వెళ్లారు. ఓడినా కుర్చీ వదలకుండా కుట్ర చేశాడన్న కేసులో 2025 సెప్టెంబరులో బొల్సొనారోకు 27 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. దానికి ముందే అమెరికా ఏం చేసిందో తెలుసా, ఈ కేసు వంకతోనే బ్రెజిల్ సరుకు మీద 50 శాతం సుంకం ప్రకటించింది, ఆ కేసు చూసిన జడ్జి అలెక్జాండ్రే డి మొరాయెస్ మీద ఆంక్షలు పెట్టింది. 2022లో కాపాడిన చెయ్యే 2025లో పీక పట్టుకుంది. నేను పన్ను కడుతున్న దేశం కాబట్టి ఇది రాయడానికి నాకేం సరదా కాదు.

కోర్టు సెంటర్

మొరాయెస్ విషయంలో నాకు రెండు మాటలున్నాయి. ఫిర్యాదు, విచారణ, తీర్పు అన్నిట్లోనూ ఒకే జడ్జి నీడ కనిపిస్తే లాయర్‌గా నాకు ఇబ్బందే. సోషల్ మీడియా అకౌంట్లు మూయించిన ఆర్డర్ల మీద అక్కడి లాయర్లే అభ్యంతరం చెప్పారు. శిక్ష తప్పని కాదు నేననేది. రేపు ఇంకో మనిషి ఆ కుర్చీలో కూర్చుంటాడు, అవే అధికారాలతో.

పాత హెడ్మాస్టర్

అమ్మా, మలావీ సంగతి చెప్పి నేను పడుకుంటాను. 2019 ఎన్నికల్లో ఫలితాల కాగితాల మీద అంకెలు వైట్‌నర్ పూసి దిద్దారు. పిల్లల మార్కుల రిజిస్టరులో వైట్‌నర్ వాడితేనే మేము మెమో ఇచ్చేవాళ్లం. జనం నెలల తరబడి ఊరేగింపులు చేశారు, సైన్యం వాళ్లకు అడ్డం నిలబడి కాపాడింది. కేసు వింటున్న అయిదుగురు జడ్జీలు బుల్లెట్ తగలని కోట్లు వేసుకొని, సైన్యం కాపలాతో కోర్టుకు వచ్చారు. 2020 ఫిబ్రవరి 3న ఎన్నిక రద్దు, జూన్‌లో మళ్లీ పోలింగ్, ప్రతిపక్షం చక్వేరా గెలిచాడు. అంతటితో కథ సుఖాంతం అనుకుంటారేమో, 2025 సెప్టెంబరులో అదే చక్వేరా, తను దించిన ముతారికా చేతిలోనే ఓడిపోయాడు. ఫోన్ చేసి అభినందించి దిగిపోయాడు. నాకు జడ్జీల కోట్ల కంటే ఆ ఫోనే ఎక్కువ నచ్చింది.

తోతాపురి37

నేను వాళ్ల ఇంటావిడను. ఆయన లాగిన్‌తోనే రాస్తున్నా, ఆయన ఫ్యాక్టరీకి పోయారు. నిన్న రాత్రి అంతా చదివాను. అమెరికా, బ్రెజిల్ అన్నీ బాగున్నాయి. నేను అడిగేది చిన్న విషయం. మాకు ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు గొడవ మొదలైతే నాకు ఎవరు చెప్తారు? ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది? ఇంట్లో ఎన్ని రోజులకు బియ్యం పెట్టుకోవాలి? నైరోబీ అన్న చెప్తారా? కోర్టు తీర్పు బాగుందో లేదో పద్నాలుగు రోజుల తర్వాత తెలుస్తుంది, ఆ పద్నాలుగు రోజులు మేము ఎక్కడుండాలి?

మొంబాసా రోడ్డు

చెల్లెమ్మా, ఇన్ని పోస్టుల్లో పనికొచ్చే ప్రశ్న నువ్వే అడిగావు.

థికా అంటే నైరోబికి నలభై కిలోమీటర్లు, మంచి రోడ్డు. 2007లో ఎల్డొరెట్, కిసుము, నకురు, నైవాషాల్లో జరిగినంత అక్కడ జరగలేదు. 2013లో, 2022లో మాకు ఇల్లు వదిలి పోవాల్సిన పని పడలేదు. 2017లో నాలుగు రోజులు గడప దాటలేదు. ఈ మధ్య కొత్తగా వచ్చిందేమంటే కుర్రాళ్ల ఊరేగింపులు, 2024 జూన్ 25న పన్నుల బిల్లు మీద ఏకంగా పార్లమెంటులోకే దూరారు, 2025లోనూ జరిగాయి, పోలీసులు కాల్చి చాలామంది పిల్లలు పోయారు. అవి నైరోబి నడిబొడ్డునే కాదు, వేరే ఊళ్లలోనూ జరిగాయి, ఎక్కువగా ముందే తేదీ చెప్పి చేస్తారు. ఆ రోజు బయటికి పోకుండా ఇంట్లో ఉంటే మంచిది. ఇంకో అనుమానం కూడా దాచను. పాత చైర్మన్ దిగిపోయిన 2023 జనవరి నుంచి 2025 జూలై దాకా ఎలక్షన్ కమిషన్ కమిషనర్లు లేకుండానే ఖాళీగా ఉంది. కొత్తవాళ్లకు ఇదే మొదటి పెద్ద ఎలక్షన్. ఒడింగా కూడా లేడు, 2025 అక్టోబరులో ఆయుర్వేద వైద్యానికి మన కేరళ వచ్చి అక్కడే పోయాడు. ఓడితే కోర్టుకు పోదాం పదండని చెప్పడం నేర్చుకున్న ముసలాయన పోయాడు, ఆ మాట ఇప్పుడు ఎవరు చెప్తారో చూడాలి.

ఎలక్షన్ 2027 ఆగస్టు 10, మంగళవారం. ఆగస్టు రెండో మంగళవారమని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, కాబట్టి తేదీ ఇప్పుడే తెలుసు. ఆ నెల బళ్లకు సెలవులు. నువ్వు, పిల్లలు ఆగస్టు మొదటి వారంలో ఊరికి వచ్చేయండి, తీర్పు వచ్చాక సెప్టెంబరు రెండో వారంలో తిరిగి రండి. టికెట్ ఇప్పుడే కంపెనీతో అగ్రిమెంటులో రాయించుకోండి, నోటి మాట వద్దు. వెళ్లగానే ఇండియన్ హైకమిషన్‌లో పేర్లు నమోదు చేయించుకోండి. ఇంట్లో పది రోజులకు బియ్యం, పప్పు, గ్యాసు, పిల్లలకు పాలపొడి. మందులు తప్పకుండా. మా ఆవిడ నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెడతా, ఏదన్నా ఉంటే ఆయన కంటే ముందు ఆమే చెప్తుంది, నన్ను నమ్మొద్దు, నేను 2007లో మా అమ్మకు అబద్ధాలు చెప్పినవాణ్ణి.

కోర్టు సెంటర్

అగ్రిమెంటు నాకు చూపించండి. ఫీజు వద్దు, ఆ ఫ్యాక్టరీ గుజ్జు డబ్బా ఒకటి తెచ్చిస్తే చాలు.

తోతాపురి37

నేనే రాస్తున్నా ఈసారి. అందరికీ నమస్కారం. నిన్న ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడాను, ఆగస్టులో నలుగురికీ రానుపోను టికెట్ అడిగితే ముగ్గురికి ఇస్తామన్నారు, నువ్వు మాత్రం ఉండాలి అన్నారు. మా ఆవిడకు చెప్తే, 'నువ్వు ఉండి ఏం చేస్తావు, ఆగస్టులో అక్కడ మామిడి ఉండదు కదా' అంది. వెతికాను. వాళ్ల పెద్ద సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా. రేపు మళ్లీ ఫోన్ చేసి నాలుగో టికెట్ అడుగుతా.